మామయ్యకు లేని షుగరు, మామయ్య చేసిన బ్రెడ్డు

మామయ్య పోయారని వాళ్ళబ్బాయి, మా బావ ఫోన్ చేసినప్పుడు నేను తెనాలిలో మా పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. రోజూ లాగే పొద్దున్నే బేకరీ తెరిచారట. మొదటి వాయి బన్నులు బయటికి తీయించి, టీ తెమ్మని చెప్పి, స్టూలు మీద కూర్చున్నారట. టీ వచ్చేసరికి గోడకు ఆనుకుని ఉన్నారు, పిలిస్తే పలకలేదు. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పారు. బావ ఇదంతా నిదానంగా చెప్పి, చివర్లో, "అమ్మ దగ్గరికి నువ్వు తొందరగా రా" అన్నాడు.

రేపల్లె పాసింజరులో నా ఎదురుగా మామయ్య ఊరివాళ్ళే ఇద్దరు కూర్చున్నారు. కబురు నాకంటే ముందే వాళ్ళకు చేరింది. బేకరీ ఆయన మంచివాడని, కలుపుగోలు మనిషని చెప్పుకున్నారు. అందులో ఒకాయన నిట్టూర్చి, "షుగరు మనిషి కదండి, ఎంత పథ్యం చేస్తే మాత్రం" అని నా వంక చూశాడు. నేను తల ఊపి కిటికీలోంచి బయటకు చూస్తూ ఉండిపోయాను. నాకు ఏడుపు వచ్చింది, కోపమూ వచ్చింది.

ఈ నాలుగు మాటలూ రాస్తున్నది ఆ ఒక్క మాట సరిచేయడానికి. మా మామయ్యకు షుగరు లేదు. ఏనాడూ లేదు. షుగరు మా అత్తయ్యకు. ఊరంతా తనకే ఉందనుకుంటే మామయ్య అనుకోనిచ్చారు. పెళ్ళిళ్ళలో ఆయన విస్తరి దాకా వచ్చిన తీపి వెనక్కి వెళ్ళిపోతుంటే నవ్వుతూ చూస్తూ ఊరుకున్నారు. ఇంట్లో వాళ్ళకూ, డాక్టరుగారికీ, నాకూ తప్ప ఈ సంగతి మొన్నటి దాకా ఎవరికీ తెలియదు. ఇప్పుడు రాయమని నాకు చెప్పింది అత్తయ్యే.

ఆయన మా అమ్మకు తమ్ముడు. రేపల్లెలో బేకరీ పెట్టిన మొదటివాళ్ళలో ఒకరు. బన్నులు, రస్కులు, కొబ్బరి బిస్కెట్లు, పుట్టినరోజు కేకులు. చిన్నప్పుడు సెలవులకు అక్కడికి వెళ్ళొస్తే నా జుట్టుకు కూడా బన్ను వాసన వచ్చేది. బనీను, పైకి కట్టిన లుంగీ, మోచేతుల దాకా మైదా, ఇదీ మామయ్య. పొయ్యిలోంచి తీసిన బ్రెడ్డును తిరగేసి అడుగున వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవారు. డొల్లగా పలికితే లోపల కాలినట్టు. నాక్కూడా వినిపించేవారు. నాకు అన్నీ ఒకేలా పలికేవి కానీ, తెలిసినదానిలా తల ఊపేదాన్ని. మొదట వచ్చిన మనిషికి, పెద్దయినా చిన్నయినా, వేడి బన్ను చేత్తో విరిచి ఇవ్వడం ఆయన అలవాటు. కత్తితో కోస్తే వేడి బన్నుకు మర్యాద కాదని చెప్పేవారు.

అత్తయ్యది కొల్లూరు దగ్గర లంక ఊరు. అరటితోటల మధ్య పెరిగిన మనిషి. వాళ్ళమ్మకు షుగరు ముదిరి కాలు తీసేశారు. ఆ తరవాత ఆవిడను ముందు గదిలో మంచం మీద పడుకోబెట్టేవారు. పరామర్శకు వచ్చినవాళ్ళందరూ దుప్పటి పల్లంగా ఉన్న చోటు వంకే చూస్తూ మాట్లాడేవారట. "జనం మా అమ్మను చూడ్డానికి రాలేదే, కాలు లేని చోటు చూడ్డానికి వచ్చారు" అని అత్తయ్య నాతో ఒకసారి అంది. అలాంటి మనిషికి తనకు కూడా షుగరు వచ్చిందని తెలిస్తే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. రేపల్లెలో చూపించుకోనంది. అందుకే తెనాలి తీసుకొచ్చి నాకు తెలిసిన డాక్టరుగారికి చూపించాం. రిపోర్టు చూసి బయటికి వచ్చాక ఆటో ఎక్కుతూ, ఇది నలుగురి నోళ్ళలో పడకూడదని మా ఇద్దరి దగ్గరా మాట తీసుకుంది. ఆమె భయపడింది జబ్బుకు కాదు, ఆ చూపులకు.

తీపి మానేయడం ఆమెకు కష్టం కాలేదు. టీలో ముంచుకుని తినే బ్రెడ్డు ముక్క మానడం కష్టమైంది. పెళ్ళయిన నాటి నుంచీ సాయంత్రం పూట బేకరీ నుంచి మామయ్య తెచ్చే బ్రెడ్డు, అల్లం టీ, వీధి అరుగు మీద ఇద్దరూ. మైదా బ్రెడ్డు వద్దని డాక్టరుగారు చెప్పిన రోజు నుంచి అత్తయ్య ఉత్త టీ తాగడం మొదలుపెట్టింది. ఇంత బేకరీ పెట్టి నా పెళ్ళానికి తినే ముక్క పెట్టలేకపోతున్నానని మామయ్య నా దగ్గర వాపోయారు. అప్పుడు మొదలైంది జొన్న బ్రెడ్డు పిచ్చి.

మన డెల్టాలో జొన్న పండదని కాదు. వరి కోశాక కారంచేడు, బాపట్ల వైపు మాగాణుల్లో జొన్న వేస్తూనే ఉన్నారు. కాకపోతే ఎక్కువ భాగం కోళ్ళ దాణాకు పోతుంది. మామయ్య మంచి గింజ కోసం అటు వెళ్ళి ఒక రైతును బస్తా అడిగితే, ఆయన ఎన్ని కోళ్ళున్నాయని అడిగాడట. "రెండండి. ఒకటి నేను, ఇంకోటి మా ఆవిడ" అన్నారట మామయ్య. ఇంటికి వచ్చి ఈ మాట చెబితే అత్తయ్య ఆ పూట ఆయనతో మాట్లాడలేదు. తరవాత మాత్రం ఎవరొచ్చినా ఆ మాట తనే చెప్పి నవ్వేది.

మొదటి బ్రెడ్డు పొయ్యిలోంచి వచ్చి బల్ల మీద పెట్టగానే నిలువునా పగిలింది. రెండోది పగల్లేదు, పగలగొట్టినా పగల్లేదు. జొన్నలో, సజ్జలో, కొర్రలో, రాగిలో గోధుమకుండే జిగురు ఉండదు. పిండి సాగదు, పొంగదు. ఆ జిగురు, అదే గ్లూటెన్, పడనివాళ్ళకు ఇవి వరమే కానీ, బ్రెడ్డు చేసేవాడికి తలనొప్పి. మామయ్య జొన్నరొట్టెలు చేసేవాళ్ళను చూసి పిండిని మరిగే నీళ్ళతో తడపడం మొదలుపెట్టారు. కొంచెం కుదురుకుంది. ఎవరో చెబితే మందుల షాపు నుంచి మలబద్ధకానికి వాడే ఇసబ్‌గోల్ పొట్టు తెచ్చి కలిపారు. దాని జిగురు పిండిని పట్టి ఉంచుతుంది. కానీ డబ్బాల మీద డబ్బాలు కొంటుంటే షాపతను జాలిపడి, అరటిపండ్లు తినండి బాబాయిగారూ, సాఫీగా అవుతుందని సలహా ఇచ్చాడట. ఊళ్ళో మామయ్యకు లేని జబ్బుల్లో అది మొదటిది.

చివరికి దారి చూపించింది ఇంట్లో ఇడ్లీ పిండి. మినప్పప్పు రుబ్బి కలిపి పులవబెడితే జొన్న పిండి కాస్త ఒళ్ళు చేసింది. మినుములకేం, మన దగ్గర కొదవా? అలా జొన్నా సజ్జా ఎక్కువగా, రాగీ కొర్రా కొంచెంగా, మినప రుబ్బు, ఇసబ్‌గోల్, చిటికెడు వాము కలిపి ఆ బ్రెడ్డు తయారైంది. మైదా బ్రెడ్డులా మెత్తగా లేదు, అబద్ధం చెప్పను. కొంచెం బరువుగా, కొంచెం పుల్లగా, కాల్చిన గింజల వాసనతో ఉండేది. పల్చగా కోసి పెనం మీద వేడి చేస్తే అంచులు కరకరలాడేవి. అత్తయ్య ఒక ముక్క టీలో ముంచుకుని తింది. తరవాత ఇంకో ముక్క తీసుకుంది. మామయ్య లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చారు.

కొంతకాలానికి పరీక్ష చేయిస్తే షుగరు దిగలేదు. పైగా పెరిగింది. డాక్టరుగారు రాత్రి ఏం తింటున్నారని అడిగారు. బ్రెడ్డేనండి, జొన్న బ్రెడ్డు అని మామయ్య గర్వంగా చెప్పారు. తరవాత అని అడిగారు డాక్టరుగారు.

"తరవాత అన్నమండి" అంది అత్తయ్య.

డాక్టరుగారు కలం కింద పెట్టి నవ్వాపుకోలేకపోయారు. అన్నానికి బదులుగా తినాల్సింది అన్నానికి ముందు తింటున్నారన్నమాట. అత్తయ్యకు అందులో తప్పేంటో అర్థం కాలేదు. రొట్టె టిఫిను కదండి, భోజనం ఎలా అవుద్ది అని ఆవిడ ప్రశ్న. మన ప్రాంతంలో ఇదేమీ కొత్త సంగతి కాదు. ఇడ్లీ తిన్నా, పుల్కా తిన్నా, చివర్లో పెరుగన్నం కలపకపోతే భోంచేసినట్టే కాదు మనకు. ఇప్పుడు చిరుధాన్యాలని అందరూ కొంటున్నారు. అన్నం ఎంత తినేవాళ్ళు అంతా తింటూ, పైన ఇవి కూడా తింటున్నారు. మీ ఇంట్లో కూడా ఒకసారి చూసుకోండి.

ఆ రాత్రి నుంచి మామయ్య అన్నం మానేశారు. ఆయనకు అవసరం లేదు. కానీ తను ఎదురుగా పెరుగన్నం కలుపుకుంటూ ఆమెను రొట్టెతో సరిపెట్టుకోమని చెప్పలేకపోయారు. రెండు కంచాల్లో రెండేసి ముక్కలు, గోంగూర పప్పో, వంకాయ కూరో, మజ్జిగో. మొదట్లో ఆకలికి నిద్ర పట్టేది కాదని నాతో చెప్పారు, ఆవిడతో చెప్పొద్దని కూడా చెప్పారు.

చుట్టాలు వచ్చినప్పుడు ఆయన రొట్టె తింటుంటే చూశారు. అన్నం మానేశాడంటే ఏదో ఉందన్నారు. ఒకరు షుగరా అని అడిగారు. మామయ్య అవుననలేదు, కాదనలేదు, మజ్జిగ తాగారు. అంతే, వారం తిరక్కుండా రేపల్లెలో బేకరీ ఆయనకు షుగరట అని పాకిపోయింది. అత్తయ్య బాధపడి నిజం చెప్పేస్తానంటే మామయ్య ఒప్పుకోలేదు. నా మొహం చూసి ఎవరూ జాలిపడరే, బన్నులు బాగున్నాయా లేదా అనే చూస్తారు అన్నారట.

బాపట్లలో మా పెద్దమ్మ ఉంది. మామయ్యకు అక్క, నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. వాళ్ళ మనవరాలి పెళ్ళికి అందరం వెళ్ళాం. పంక్తిలో బూరెలు వడ్డిస్తూ వస్తున్న మనిషిని మామయ్య విస్తరి దగ్గర పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. మా తమ్ముడికి షుగరు, వాడికి వద్దు అని అందరికీ వినపడేలా చెప్పింది. మామయ్యకు బూరె అంటే ప్రాణం. నెయ్యి పోసిన బూరె పక్క విస్తర్లో పడుతుంటే ఆయన సాంబారు ఎలా ఉందో అడుగుతున్నారు. పెద్దమ్మ అత్తయ్య విస్తర్లో మాత్రం రెండు వేయించింది. అత్తయ్య వాటిని ముట్టుకోకుండా, "ఆయన తినలేనిది నేనెలా తింటాను వదినా" అంది. పంక్తిలో ఆడవాళ్ళందరూ ఎంత మెచ్చుకున్నారో చెప్పలేను. నేను గ్లాసులో మొహం పెట్టుకుని నీళ్ళు తాగుతూ ఉండిపోయాను. జబ్బు ఆయన తీసుకున్నారు, మంచి పేరు ఆవిడకు ఇచ్చారు. ఆ తరవాత ఎన్ని శుభకార్యాల్లోనో అదే మాట ఆమెను కాపాడింది.

బేకరీలో ఆ బ్రెడ్డు అమ్మకానికి కూడా పెట్టారు. మొదట ఎవరూ కొనలేదు. ఆ తరవాత చిరుధాన్యాల గాలి వీచింది, వెతుక్కుంటూ వచ్చారు. దీంతో షుగరు తగ్గుతుందా అని అడిగిన ప్రతి ఒక్కరికీ ఆయన ఒకటే చెప్పేవారు. "తగ్గదండి. మెల్లగా ఎక్కుద్ది, అంతే. మైదా ఎక్స్‌ప్రెస్సు లాంటిది. జొన్న మన రేపల్లె పాసింజరు. చేరేది ఒకచోటికే గానీ, ఆగి ఆగి చేరుద్ది." పొట్టుతో ఆడించిన పిండిలో పీచు ఉంటుందని, అదే అరుగుదలను నెమ్మది చేసి కడుపు నిండినట్టు ఉంచుతుందని వివరించేవారు. సజ్జలో ఇనుము, రాగిలో కాల్షియం ఉంటాయని చెప్పి, ఆ వెంటనే, అలాగని నాలుగు ముక్కలకు బదులు ఎనిమిది తింటే ఏ ధాన్యమైనా ఒకటేనని హెచ్చరించేవారు. పిండి మరీ మెత్తగా ఆడిస్తే జొన్న కూడా తొందరగా అరిగిపోతుందట, అందుకని కాస్త బరకగా ఆడించేవారు.

ఒకామె ఈ బ్రెడ్డు తింటున్నాను కదా అని మాత్రలు మానేశానని సంతోషంగా చెప్పింది. మామయ్య పొట్లం కట్టినదాన్ని విప్పి మళ్ళీ అద్దాల బీరువాలో పెట్టేశారు. "ఇది తిండమ్మా, మందు కాదు. మాత్ర వేసుకుని రేపు రా, అప్పుడిస్తాను" అన్నారు. ఆమె చిన్నబుచ్చుకుని వెళ్ళింది, మర్నాడు వచ్చింది. వ్యాపారం ఎలా చేస్తావు నాన్నా నువ్వు అని బావ విసుక్కుంటే, మామయ్య తన చేతులకున్న పిండి దులుపుకుంటూ నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పుడు చాలా గుర్తొస్తోంది.

పెద్దకర్మ రోజున ఇల్లంతా జనం. భోజనాలయ్యాక ఆడవాళ్ళం నడిమింట్లో అత్తయ్య చుట్టూ కూర్చున్నాం. ఆమె పొద్దున్నుంచి ఏమీ తినలేదు. నేను వంటింట్లోకి వెళ్ళి జొన్న బ్రెడ్డు రెండు ముక్కలు వేడి చేసి, కాస్త పప్పుతో తెచ్చి ముందు పెట్టాను. బాపట్ల పెద్దమ్మ ఏడ్చి ఏడ్చి ఉంది. ఆ కంచం చూడగానే దాన్ని పక్కకు జరిపింది.

"ఇంకా ఈ రొట్టెముక్కలేంటమ్మా. ఇవి తిని వాడేం బాగుపడ్డాడు? అన్నం లేకుండా కడుపు మాడ్చుకుని పోయాడు. వాడి కోసం నువ్వూ నోరు కట్టుకున్నావు. ఇంక ఎవరి కోసం? అన్నం తిను" అంది.

అన్నం వచ్చింది, దాని మీద నెయ్యి వచ్చింది, పక్కన గారెలు, పరమాన్నం వచ్చాయి. అందరూ తినమన్నారు. అందరిదీ ప్రేమే. నేను అత్తయ్య మొహం చూస్తున్నాను. ఇన్నేళ్ళూ ఆమెను కాపాడిన మాట ఒక్కటే, ఆయన తినలేనిది నేనెలా తింటాననేది. ఇప్పుడు ఆయన లేరు, ఆ మాటా లేదు. మారు మాట్లాడకుండా ఆ పరమాన్నం తినేస్తుందేమోనని నాకు భయం వేసింది. మాట తీసుకుంది కనక నేను ఏమీ అనలేను.

అత్తయ్య పరమాన్నం గిన్నెను చేత్తో నెమ్మదిగా దూరం జరిపింది.

"వదినా, షుగరు ఆయనకి లేదు. నాకు."

బయట గిన్నెలు తోముతున్న చప్పుడు వినపడుతోంది.

"మొదట్నుంచీ నాకే. మా అమ్మను చూసినట్టు నన్ను చూస్తారని చెప్పొద్దన్నాను. ఆయన తన పేరున పెట్టుకున్నారు. ఈ రొట్టె తిని బాగుపడింది నేను. మందులూ వేసుకున్నాను, నడిచాను, రాత్రి అన్నం మానాను. అన్నీ ఆయనే చేయించారు. రొట్టె వల్ల పోయాడని మాత్రం అనొద్దు."

పెద్దమ్మ కోప్పడుతుందేమో అనుకున్నాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నా చేత్తోనే వాడి విస్తర్లో బూరె పడనివ్వలేదు కదే" అంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. తరవాత పెద్దమ్మే లేచి అన్నం కంచం తీసేసి, రొట్టె చల్లారిపోయిందని మళ్ళీ వేడి చేసి తెచ్చింది. అత్తయ్య నిదానంగా తింది. ఆమె కాళ్ళ వంక ఎవరూ చూడలేదు, అది నేను గమనించాను. మొహమే చూశారు. వెళ్ళేటప్పుడు ఒకావిడ నన్ను పక్కకు పిలిచి, ఆ బ్రెడ్డు ఇంకా చేస్తారా, తనకు కూడా ఉందని చెవిలో చెప్పింది.

సాయంత్రానికి ఇల్లు ఖాళీ అయింది. అత్తయ్య మంచం మీద కూర్చుని, కుడి కాలు చాచి ఎదురుగా ఉన్న కుర్చీ మీద పెట్టింది. అంతలోనే తీసేసింది. ఏమైందని అడిగాను. ఏమీ లేదు, అలవాటు అంది. మళ్ళీ అడిగితే చెప్పింది. రోజూ ఈ వేళకు మామయ్య ఆ కుర్చీలో కూర్చుని, ఆమె పాదాలు ఒళ్ళో పెట్టుకుని చూసేవారట. షుగరు ఉన్నవాళ్ళకు పుండు పడినా తెలియదని డాక్టరుగారు చెప్పినప్పటి నుంచి. నాకు బ్రెడ్డు సంగతి తెలుసు, బూరెల సంగతి తెలుసు. ఇది మాత్రం తెలియదు.

"అరికాలు నాకు కనపడదు కదే" అంది.

నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. ఆమె కాసేపు తటపటాయించి కుడి పాదం నా ఒళ్ళో పెట్టింది. తువ్వాలుతో తుడిచాను. వేళ్ళ మధ్య కూడా చూడు, అక్కడే చూడాలి అంది. ఒక్కొక్క వేలూ విడదీసి చూశాను. మడమ మీద చెయ్యి వేసి తడిమాను. మెత్తగా, శుభ్రంగా ఉంది, ఎక్కడా చిన్న గీత కూడా లేదు.

ఏమీ లేదత్తయ్యా, బాగుంది అన్నాను. అత్తయ్య కళ్ళు తుడుచుకుని, "రెండోది కూడా చూడు" అంటూ ఎడమ పాదం కూడా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.